మేడ మీద పైపు లేపే ముందు

బిడ్డా,

నువ్వు ఎస్‌డీఆర్ డాంగిల్, అదే లాప్‌టాప్‌ను రేడియోగా మార్చే చిన్న పరికరం, తెప్పించుకుని లాప్‌టాప్‌లో పైలట్ల మాటలు వింటున్నావని నిన్న మీ నాయన ఫోన్‌లో చెప్పాడు. ఎంత సంతోషమైందో! ప్రకాశం బజార్‌లో ఇన్నేళ్లు రేడియోలు, టీవీలు బాగుచేశాను, మన ఇంట్లో ఒక్కరు కూడా ఆ పని వైపు తొంగిచూడలేదు. అంతలోనే ఇంకో మాట అన్నాడు. వాతావరణ ఉపగ్రహాలు పంపే బొమ్మలు సరిగా పడట్లేదని మేడ మీద 20 అడుగుల జీఐ పైపు లేపుతావట. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

మీ ఇంటి వెనక నుంచి 11 కేవీ హైటెన్షన్ కరెంటు లైను పోతుంది. రోజూ చూసేది కాబట్టి నీకది లెక్కలోకి రాదు.

నల్లగొండలో టీవీకి హైదరాబాద్ స్టేషన్ పట్టాలంటే ఎత్తైన యాంటెన్నా ఉండాల్సిందే అన్న రోజుల్లో మా వీధిలో ఒక దర్జీ ఉండేవాడు. బొమ్మ నిండా చుక్కలు వస్తున్నాయని ఉన్న పైపుకు ఇంకో పైపు జోడించాడు. పడుకోబెట్టి బిగించి నిలబెడుతుంటే, సగం లేచేసరికి బరువంతా పైకి పోయింది. ఎంత బలమున్నా ఆ దశలో పైపు చేతిలో ఆగదు. పక్కకు ఒరిగి తీగకు తగిలింది. ఫట్‌మని ఒక్కటే చప్పుడు. ప్రాణం దక్కింది గానీ కుడి చెయ్యి మోచేతి దాకా తీసేశారు. కత్తెర పట్టే చెయ్యి బిడ్డా అది. తర్వాత వాళ్ల ఇంటికి పోయి చూశాను. టీవీ వెనక సిగ్నల్ పెంచే బూస్టర్ పూర్తిగా తిప్పి ఉంది. పైన యాంటెన్నా దగ్గర వైరు తుప్పు పట్టి, ఒక్క పోగు మీద వేలాడుతోంది. గీకి, మళ్లీ బిగిస్తే అయిపోయే పని. ఎత్తు లోటే కాదక్కడ.

నీకూ ఎత్తు లోటు కాదు. రష్యా వాళ్ల మెటియోర్ వాతావరణ ఉపగ్రహాలు 137.1, 137.9 మెగాహెర్ట్జ్‌లో నెత్తి మీది నుంచే పంపుతాయి. వాటికి కావాల్సింది నాలుగు దిక్కులా తెరిపి. ఒక్కోటి 53 సెంటీమీటర్ల రెండు కడ్డీలు తీసుకో. మధ్య 120 డిగ్రీల కోణం వచ్చేలా వి ఆకారంలో, నేలకు సమాంతరంగా పెట్టు. పిట్టగోడ కంటే కాస్త పైకి ఉంటే చాలు, కర్ర మీద కట్టుకో. ఇంకో మాట, పాత వీడియోలు చూసి అమెరికా వాళ్ల నోవా 15, 18, 19 ఉపగ్రహాల కోసం కూర్చోకు. ఆ మూడింటినీ 2025లో ఆపేశారు. వినపడలేదని నీ చేతిపనిని అనుమానించకు.

ముందు ఇంట్లో కరెంటు సామాన్ల నుంచి సిగ్నల్‌కు అడ్డుపడే గోల తగ్గించు. లాప్‌టాప్ ఛార్జర్ పీకి, బ్యాటరీ మీద నడిపిస్తూ మీ నాయనను మెయిన్ ఆఫ్ చేయమను. తెర మీద పసుపు చారలు ఒక్కసారిగా పోతే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. మళ్లీ మెయిన్ వేసి ఒక్కో స్విచ్చీ చూసుకుంటూ పో. ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు, ఇన్వర్టర్, సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్, వీటిలోనే ఉంటుంది. నేను చేసే పద్ధతి ఇంకోటి ఉంది. మీ నానమ్మ ట్రాన్సిస్టర్‌ను మీడియం వేవ్‌లో, 738 కిలోహెర్ట్జ్ మీద ఉన్న హైదరాబాద్ స్టేషన్ దాటించి ఏదీ రాని చోట పెట్టు. చేత్తో పట్టుకుని గోడల వెంబడి నడువు. గుర్రుమనే మోత ఎక్కడ పెరిగితే అక్కడే తప్పు. డాంగిల్‌ను కూడా లాప్‌టాప్‌కు గుచ్చకుండా యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్‌తో దూరం పెట్టు.

గెయిన్, అంటే సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పే సెట్టింగ్, నిండా తిప్పావు కదూ? అందరూ అదే చేస్తారు. నీ డాంగిల్ 8 బిట్ల రిసీవర్, బలమైన ఎఫ్‌ఎం స్టేషన్లకే నిండిపోతుంది. ఇక సన్నటి సిగ్నల్‌కు చోటెక్కడిది? ఎఫ్‌ఎం పాటలు ఉండకూడని చోట వినపడితే గెయిన్ ఎక్కువైనట్టు. సున్నా నుంచి మెల్లగా పెంచు, సిగ్నల్ పెరగకుండా కింది గోల మాత్రమే లేచే దగ్గర ఒక మెట్టు తగ్గించి ఆపు. అప్పటికీ పాటలు దూరుతుంటే 88 నుంచి 108 దాకా ఆపే ఫిల్టర్ కొను. డిష్‌కు వాడిన ఆర్‌జీ6 కేబుల్ మిగిలి ఉంటే అదే పనికొస్తుంది. ఆంప్లిఫయర్ పెడితే పైన యాంటెన్నా దగ్గరే పెట్టాలి. కింద పెడితే కేబుల్‌లో పోయింది తిరిగి రాదు.

విమానాల కోసం ఎప్పుడైనా పైపు తప్పనిసరైతే, అది ఎటు పడినా తీగకు అందని చోటే నిలబెట్టాలి. నేను వచ్చాకే లేపాలి, ఒంటరిగా మాత్రం వద్దు. ఎండాకాలం సాయంత్రాలు ఉరుము దూరంగా వినపడ్డా ఆ పూటకు పని బంద్. అసలు మబ్బు కమ్ముతుండగానే కేబుల్ విప్పి కిటికీ బయట పెట్టెయ్యి. ఉరుములు మొదలయ్యాక దాన్ని ముట్టుకోవద్దు. బొమ్మ సగంలో ఉందని ఆగొద్దు, ఇంకో పాస్ వస్తుంది, ఉపగ్రహం మళ్లీ మన మీదుగా పోతుంది. కోప్పడుతున్నానని అనుకోకు తల్లీ, నీ చేతులు నాకు కావాలి.

మొదట్లో చారలే పడతాయి. చెరిపేయకుండా వాట్సాప్‌లో పంపు. పాస్ టైమ్, గెయిన్ ఎంత, యాంటెన్నా ఏ దిక్కుకు పెట్టావు, అన్నీ కింద రాయి. చూసి ఏం మార్చాలో చెప్తా.

మీ పెద్దనాన్న