టీబీ మందులు వాడుతుంటే మూత్రం ఎర్రగా వస్తోంది, ఆపేయాలా?

మీ తమ్ముడికి టీబీ మందులు మొదలుపెట్టగానే మూత్రం ఎర్రగా వస్తోందని, ఆపేయాలా అని అడిగారు. ఆ ఒక్క కారణానికి ఆపకండి. అది టీబీ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ రంగు. చెమట, కన్నీళ్లు కూడా నారింజ రంగులోకి తిరగొచ్చు. మందులిచ్చిన రోజే ఈ ముక్క చెప్తే సగం టెన్షన్ తగ్గుతుంది. చెప్పరు. చీటీ చేతిలో పెట్టి ‘నెక్స్ట్’ అంటారు.

అసలు భయపడాల్సింది వేరే ఉంది. మా ఆవిడకి మెడ దగ్గర గడ్డల టీబీ వచ్చింది. మందులు మొదలైన కొన్నాళ్లకి అన్నం ముట్టడం మానేసింది. వంటింట్లో పోపు వేస్తే చాలు, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వసారాలోకి వెళ్లిపోయేది. ‘వేడి మందులు కదా, మజ్జిగ పొయ్యండి’ అని మా అత్తగారు తేల్చేశారు. పక్కింటావిడ గ్యాస్ అంది. ఒక పొద్దున పెరట్లో ఎండలో కూర్చుని తల దువ్వుకుంటుంటే చూశాను, కంట్లో తెల్లగుడ్డంతా పసుపుపచ్చ.

మామూలుగా మూత్రం రంగు చూసే కామెర్లని అనుమానిస్తాం. ఈ మందులు మింగేవాళ్లకి అది ముందే మారిపోయి ఉంటుంది, ఇంకేం తెలుస్తుంది? కళ్లే చూడాలి, అదీ పగటి వెలుతురులో.

ఇక చుట్టాలు మొదలెట్టారు. పసరు మందు ఫలానా ఊళ్లో బాగా పోస్తారట, గురువారం వెళ్లాలట. ఈ మందుల వల్ల దెబ్బతిన్న లివర్ మీద ఏం ఆకో తెలియని పసరు పొయ్యడమేంటండీ! డాక్టరు రక్తపరీక్షలో ఎస్‌జీపీటీ, బిలిరుబిన్ (లివర్ దెబ్బతింటే పెరిగేవి) చూసి మాత్రలు ఆపించారు. ఆ అంకెలు దిగాక ఒక్కొక్క మందే మళ్లీ మొదలుపెట్టి, మధ్యమధ్యలో రక్తం పరీక్ష చేయించారు. అదే మనంతట మనం ఆపేసి ఇంట్లో కూర్చుంటే జబ్బు మొండికేస్తుంది.

ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ లివర్ మీద పడేవే. ఎథాంబుటాల్ కంటి మీద పడుతుంది. చూపు మసకబారినా, ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోయినా ఆ రోజే వెళ్లాలి. అరికాళ్లు తిమ్మిరెక్కితే చెప్పండి, బీ6 మాత్ర ఇస్తారు. గర్భం రాకుండా మాత్రలు వేసుకునే ఆడవాళ్లకి రిఫాంపిసిన్ వల్ల అవి సరిగా పనిచేయవు. ఈ సంగతి మాకు ఒక్కరూ చెప్పలేదు, గోడ మీద పోస్టర్లకి మాత్రం లోటు లేదు.

తిండికని ప్రభుత్వం నెలకి 500 ఇచ్చేది, 2024 నవంబరు నుంచి 1000 చేశారు. సంతోషమే. గుడ్డు వాసనే పడని మనిషికి గుడ్లు ఎలా తినిపించాలో కూడా ఎవరైనా కూర్చోబెట్టి చెప్తే బాగుండు.

మీ తమ్ముడికి తాగుడు అలవాటుందా? ఉంటే డాక్టరు దగ్గర దాచకండి. లివర్ పరీక్ష ఈ వారమే చేయించండి.