అమెరికాలో అమ్మాయిల సాఫ్ట్‌బాల్: రెక్ లీగ్ చాలదా, ట్రావెల్ టీమ్ తప్పదా?

బేస్‌బాల్ లాంటి ఆట అయిన సాఫ్ట్‌బాల్ ఆడే అమ్మాయిలకు చిన్న వయసులో రెక్ లీగ్ చక్కగా సరిపోతుంది. పన్నెండేళ్లు దగ్గరపడేసరికి మాత్రం చాలా ఊళ్లలో అది పలచబడుతుంది.

రెక్ అంటే ఊరి లీగ్. ఫీజు కట్టి పేరిస్తే చాలు, అందరికీ ఆట దొరుకుతుంది. కోచ్‌లు ఎక్కువగా తల్లిదండ్రులే. ట్రావెల్ అంటే వేరే ఊళ్లకు వెళ్లి ఆడే టీమ్. అందులో సెలెక్షన్లు, వారాంతపు టోర్నమెంట్లు ఉంటాయి. హోటల్ ఖర్చులు సరేసరి.

అసలు చిక్కు పిచర్లతో, అంటే బ్యాటర్‌కి బంతి విసిరేవాళ్లతో, వస్తుంది. ఫాస్ట్‌పిచ్‌లో, అంటే బంతిని వేగంగా విసిరే సాఫ్ట్‌బాల్‌లో, ఆటంతా పిచర్ చేతిలోనే ఉంటుంది. పదేళ్లలోపు వాళ్లు సాధారణంగా 35 అడుగుల నుంచి 11 అంగుళాల చుట్టుకొలత ఉన్న బంతి వేస్తారు. 12 ఏళ్లలోపు విభాగంలో అది 40 అడుగులు, 12 అంగుళాల బంతి. ఉన్న ఇద్దరు మంచి పిచర్లూ ట్రావెల్‌కి వెళ్లిపోయారనుకోండి. మిగిలినవాళ్ల బంతి స్ట్రైక్ జోన్‌లో (బ్యాటర్ ముందు బంతి పడాల్సిన హద్దులో) పడదు, బ్యాటర్లు వరసగా వాక్ మీద, అంటే బంతి కొట్టకుండానే, ఫస్ట్ బేస్‌కి పోతుంటారు, రైట్ ఫీల్డ్‌లో పిల్ల గడ్డి పీక్కుంటూ నిలబడుతుంది. విసుగొచ్చి మరో నలుగురు మానేస్తారు.

ఎనిమిదేళ్లకే ట్రావెల్‌లో చేర్చకపోతే కాలేజీ స్కాలర్‌షిప్ పోతుందన్న టెన్షన్ మన తెలుగు తల్లిదండ్రుల్లోనూ ఉంది. అది అపోహ. అమెరికా కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏలో పై స్థాయి అయిన డివిజన్ 1 కోచ్‌లు పదకొండో తరగతి సెప్టెంబర్ 1 దాకా అమ్మాయిలతో రిక్రూటింగ్ మాటలే మాట్లాడకూడదు. పైగా ట్రావెల్ టీమ్ ఎవరైనా పెట్టుకోవచ్చు. ఆ పేరున్నంత మాత్రాన ఆట స్థాయి పెరగదు.