మీ బోర్డుల కేసు తేలేది ఆ 40 వేల దగ్గరే

ప్రశ్న: మా తాతగారికి గుడివాడ దగ్గర బర్మా షెల్ పెట్రోల్ బంక్ ఉండేదండి. ఆయన దాచిన ఎనామిల్ బోర్డులు 7 మా ఇంట్లో ఉండేవి, షెల్ చిప్ప గుర్తువి 4, మొబిలాయిల్ రెక్కల గుర్రానివి 2, కాల్టెక్స్ నక్షత్రంది 1. హైదరాబాద్‌లో పాత బోర్డులు కలెక్ట్ చేసే ఒకాయన తన రెస్టారెంట్ గోడకి పెట్టుకుని తర్వాత ఇచ్చేస్తానంటే 2019 జనవరిలో నమ్మి ఇచ్చా, కాగితం రాసుకోలేదు. ఆ మార్చిలో నా అకౌంట్‌లో 40 వేలు వేశాడు, అవసరం ఉండి వాడుకున్నా. 2021లో అడిగితే చూద్దాంలే అన్నాడు. 2023 నవంబర్ 14న వాట్సాప్‌లో "ఇవ్వను, నేను కొనుక్కున్నా" అని పెట్టాడు. దావా వేసే గడువు ఎప్పుడో దాటిపోయిందని, అసలు అవి కంపెనీ బోర్డులని ఆయన లాయర్ అంటున్నాడు. అమ్మ రోజూ ఏడుస్తోంది. 2019 నాటి స్టాంప్ పేపర్ ఫ్రెండ్ దగ్గరుంది, దాని మీద ఒప్పందం రాసుకోవచ్చా?

జవాబు: ఉత్తరం మూడు పేజీలు రాశారు, రెండున్నర పేజీలు తాతగారి గురించే. జడ్జిగారు మొదట అడిగేది మీరు ఒక్క ముక్కలో దాటేసిన ఆ 40 వేలు ఎందుకు తీసుకున్నారని. అది అమ్మకం డబ్బని తేలితే బోర్డులు ఆయనవే, కేసు అక్కడితో సరి. కాదు, తిరిగిచ్చే షరతు మీద ఇచ్చినవని తేలితే మీవే. మిగతావన్నీ దీని తర్వాతే.

మీరు పంపిన స్క్రీన్‌షాట్లలో 2020 ఆగస్టుది ఒకటుంది చూడండి, "మీ బోర్డులు భద్రంగా ఉన్నాయండి, హోటల్ తెరవగానే ఫొటో పెడతా" అని. డబ్బు వేసిన ఏడాదిన్నర తర్వాత కూడా "మీ బోర్డులు" అంటున్నాడంటే కొన్నవాడు అనే మాట కాదది. మీ కేసుకి ప్రాణం ఆ ఒక్క మెసేజే. అలాంటిది ఆ ఫోన్ స్క్రీన్ పగిలిందని డ్రాయర్‌లో పడేసి, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేద్దామనుకుంటున్నా అని ఎంత తేలిగ్గా రాశారండీ! దాన్ని ఎవరికీ ఇవ్వకండి, రీసెట్ చేయకండి, స్క్రీన్ మార్పించి చాట్ మొత్తం బయటికి తీయించండి. కొత్త సాక్ష్య చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ పెట్టాలి, అందులో మీ సంతకంతో పాటు నిపుణుడి సంతకం, హాష్ విలువ (ఫైల్ మారలేదని చూపే కోడ్) ఉండాలి, ఒట్టి స్క్రీన్‌షాట్ ప్రింట్ తీసి పెడితే అవతలి లాయర్ మొదటి రోజే అభ్యంతరం పెడతాడు. బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా తీసుకోండి, ఆ 40 వేలు దాచే ప్రయత్నం చేయకండి, దావాలో మీరే ముందు చెప్పండి.

గడువు సంగతికొస్తే ఆయన లాయర్ 2019 నుంచి లెక్కేస్తున్నాడు, అది తప్పు. దాచమని గానీ తాకట్టుగా గానీ ఇచ్చిన వస్తువుకి లిమిటేషన్ (దావా గడువుల) చట్టం 70వ ఆర్టికల్ ఉంది, అడిగాక కాదన్న రోజు నుంచి మూడేళ్లు. 2021లో "చూద్దాంలే" అన్నది కాదనడం కాదు, నానబెట్టడం. కాదన్నది 2023 నవంబర్ 14న, కాబట్టి 2026 నవంబర్ 14తో మీ గడువు తీరిపోతుంది. ఇప్పుడు మళ్లీ నోటీసిస్తే కొత్తగా మూడేళ్లు వస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి, ఒకసారి మొదలైన గడువు నోటీసులకి ఆగదు.

కంపెనీ బోర్డులనే వాదన వినడానికి గట్టిగానే ఉంటుంది, ఎందుకంటే 1976లో ప్రత్యేక చట్టంతో బర్మా షెల్ వ్యాపారాన్ని కేంద్రం తీసుకుంది, అదే తర్వాత భారత్ పెట్రోలియం అయ్యింది, బోర్డులూ దానివే అంటారు. అయినా మీ చేతుల మీదుగా తీసుకున్నవాడు తిరిగివ్వమన్నప్పుడు నీకు ఇచ్చే హక్కే లేదు అనడానికి సాక్ష్య చట్టం ఒప్పుకోదు. మంచి మనసుతో మీకు తిరిగిచ్చేస్తే అసలు ఓనర్‌కి ఆయన జవాబుదారీ కాదని కాంట్రాక్ట్ చట్టం 166లో ఉంది, కాబట్టి ఆయనకి ఆ భయం కూడా అక్కర్లేదు.

ఇక ఆ స్టాంప్ పేపర్. దాని జోలికి పోకండి! అమ్మినవాడి రిజిస్టర్‌లో నంబరు, తేదీ, కొన్నవాడి పేరు ఉంటాయి, మీ పేరు ఎక్కడుంది అందులో? ఫోర్జరీ కేసు మీ మీద పడుతుంది, నిజమైన ఆ వాట్సాప్ మెసేజ్‌ని కూడా కోర్టు అనుమానంగా చూస్తుంది. గెలిచే కేసుని మీ చేత్తో పాడు చేసుకోవడం అది. నలుగురిని తీసుకెళ్లి రెస్టారెంట్ గోడ మీంచి ఊడబీక్కొస్తాం అన్నారు చివర్లో, అదీ వద్దు. వస్తువు మీదే అయినా అక్రమ ప్రవేశం, దాడి కేసులు తప్పవు.

చేయాల్సింది ఇది. ఒకే ఒక్క నోటీసు, రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్ట్‌లో, 15 రోజులు టైమిచ్చి, హక్కులు వదులుకోకుండానే 40 వేలు తిరిగివ్వడానికి సిద్ధం అని అందులోనే రాయించండి, కోర్టు ఆ డబ్బుని తాకట్టు అప్పు అనుకున్నా మీకు ఇబ్బంది ఉండదు. తర్వాత హైదరాబాద్ సివిల్ కోర్టులో స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 7, 8 సెక్షన్ల కింద ఆ బోర్డులే కావాలని దావా, దాంతోపాటే అమ్మకుండా ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు), సీపీసీ (సివిల్ కేసుల విధాన చట్టం) ఆర్డర్ 39 రూల్ 7 కింద కోర్టు పంపే కమిషనర్‌తో ఫొటోలు, కొలతలు. కమిషనర్ విషయంలో అశ్రద్ధ చేయొద్దు, ఈ బోర్డులకి నకళ్లు బజార్లో బోలెడు, డిక్రీ (తీర్పు ఉత్తర్వు) వచ్చాక కొత్తగా చేయించి తుప్పు పట్టించిన నకలు మీ చేతిలో పెడితే ఏం చేస్తారు? ఎనామిల్ ఎక్కడ పెచ్చులూడిందో, స్క్రూ బెజ్జం చుట్టూ తుప్పు ఎలా పాకిందో అది ఏ రెండు బోర్డులకీ ఒకేలా ఉండదు. పాత పెళ్లి ఫొటోల్లో వెనక గోడ మీద ఈ బోర్డులు కనిపిస్తే అవన్నీ వెతికి తీయండి, చిప్ప గుర్తు మూల పెచ్చు కనపడితే చాలు. అలాగే దావాలో "పురాతన వస్తువు" అని గొప్పగా రాయించకండి, పురాతన వస్తువుల చట్టానికి నూరేళ్లు కావాలి, బర్మా షెల్ పేరే 1928లో మొదలైంది.

పోలీసు కంప్లైంట్ ఇవ్వొచ్చు, అది 2023 నాటి సంగతి కాబట్టి పాత శిక్షాస్మృతి ఐపీసీ 406 (నమ్మకద్రోహం), కానీ సివిల్ తగాదా అని పక్కన పెట్టేస్తే ఆ నెలలు మీవే పోతాయి, దాని కోసం దావా ఆపకండి. బోర్డులు దొరక్కపోతే బదులుగా ఎంత కట్టాలో కూడా డిక్రీలో ఉండాలి, కాబట్టి ఒక్కో బోర్డుకి విడివిడిగా విలువ వేయించండి, ఇలాంటివి వేలంలో ఎంతకి పోయాయో ఆధారాలు పెట్టి. కోర్టు ఫీజు ఆ విలువ మీదే పడుతుంది, కోపంలో కోటి అని వేయకండి. ముందు ఆ ఫోన్ రిపేర్‌కి తీసుకెళ్లండి, షాపువాడిచ్చిన రసీదు కూడా ఫైల్‌లో పెట్టండి.