మిత్రులు బేరానికి కూర్చుంటే: కైరో, వాషింగ్టన్ చర్చలపై మీ ప్రశ్నలు

అధ్యక్షుడు హోస్నీ ముబారక్ హయాంలో (1981-2011) ఈజిప్టు, అమెరికా ప్రభుత్వాల మధ్య నడిచిన చర్చల గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం.

ప్రశ్న: 2004 ఏప్రిల్ 12న ముబారక్ టెక్సాస్‌లోని క్రాఫర్డ్‌కు వెళ్లి అక్కడి సొంతింట్లో అమెరికా అధ్యక్షుడు బుష్‌ను కలిశారు. సరిగ్గా రెండు రోజులకు బుష్ ఇజ్రాయెల్ ప్రధాని షరోన్ చేతికి అరబ్బులకు మింగుడుపడని లేఖ ఒకటి ఇచ్చారు. ఇంటికి పిలిచిన మిత్రుడికి ముందు ఒక మాట చెప్పొద్దా? ఇదేం దౌత్యం?

జవాబు: ముందే చెబితే ముబారక్ విలేకరుల ముందు బుష్ పక్కన నిలబడేవారు కాదు. చెప్పకపోవడానికి అంతకంటే పెద్ద కారణం వెతకనక్కర్లేదని మా అభిప్రాయం.

ఆ లేఖలో రెండు విషయాలు గుచ్చుకునేవి. తుది ఒప్పందంలో ఇజ్రాయెల్ 1949 నాటి యుద్ధవిరమణ రేఖకు (1967 యుద్ధానికి ముందున్న హద్దుకు) పూర్తిగా వెనక్కి పోతుందని ఆశించడం వాస్తవానికి దూరమన్నది ఒకటి. పాలస్తీనా శరణార్థులకు చోటు రేపు ఏర్పడబోయే పాలస్తీనా రాజ్యంలోనే తప్ప ఇజ్రాయెల్‌లో కాదన్నది రెండోది. ఇవి రెండూ అప్పటిదాకా ఇరుపక్షాలూ కూర్చుని తేల్చుకోవాల్సినవిగా ఉన్నాయి. గాజా నుంచి ఇజ్రాయెల్ తప్పుకుంటే మంచిదేనని, అయితే అది 'రోడ్‌మ్యాప్' అనే అంతర్జాతీయ శాంతి ప్రణాళికలో భాగంగా జరగాలని ముబారక్ క్రాఫర్డ్‌లో చెప్పి ఉన్నారు. లేఖ బయటికొచ్చిన కొద్ది రోజులకు ఫ్రెంచి పత్రిక 'లె మోండ్'తో మాట్లాడుతూ, అరబ్బు ప్రాంతంలో అమెరికన్ల మీద ఇంతటి ద్వేషం మునుపెన్నడూ లేదన్నారు. జోర్డాన్ రాజు అబ్దుల్లా అయితే ఏప్రిల్ 21న బుష్‌తో జరగాల్సిన భేటీనే వాయిదా వేసుకుని మే 6న వెళ్లారు.

ఈ కథలో ఎక్కువమంది గమనించనిది ఇంకొకటుంది. ఆ ఏడాది ఫిబ్రవరిలో అరబ్బు ప్రాంతంలో రాజకీయ సంస్కరణల కోసం అమెరికా తయారుచేసిన ముసాయిదా 'అల్ హయాత్' పత్రికకు చిక్కి అచ్చయింది. జూన్‌లో అమెరికాలోని సీ ఐలాండ్‌లో జరిగే జీ8 (ఎనిమిది పారిశ్రామిక దేశాల కూటమి) సమావేశంలో దాన్ని పెట్టాలన్నది వాషింగ్టన్ ఆలోచన. సంస్కరణలు బయటినుంచి రుద్దితే రావని, ముందు పాలస్తీనా సంగతి తేలాలని కైరో అప్పటికే వాదిస్తోంది. షరోన్‌కు ఇచ్చిన లేఖతో ఆ వాదనకు కొత్త బలం దొరికింది. సీ ఐలాండ్ ఆహ్వానాన్ని ఈజిప్టు, సౌదీ అరేబియా రెండూ కాదన్నాయి. ముబారక్‌కు అవమానం నిజమే, కానీ ఆ అవమానాన్ని ఆయన బాగానే వాడుకున్నారు.

ప్రశ్న: అధినేతలిద్దరూ గంటసేపు కూర్చుని అన్నీ తేల్చేస్తారా? అంతకుముందు ఎవరు ఏం చేస్తారు?

జవాబు: ఆ గంటలో తేలేది చాలా తక్కువ. రాయబార కార్యాలయం కొన్ని వారాల ముందే ఏ అంశాలు రావాలో, ఏవి రాకూడదో అవతలి విదేశాంగ శాఖతో మాట్లాడుతుంది. ఇష్టంలేని ప్రతిపాదనలు ముద్ర, సంతకం లేని తెల్లకాగితం మీద చేతులు మారతాయి. తర్వాత ఎవరైనా 'మేం అలా అడగలేదు' అనుకునే వీలు ఉండాలి కదా. విదేశాంగ మంత్రి స్థాయిలో మరో విడత మాటలు నడుస్తాయి. అప్పటికీ తెగనివి రెండో మూడో మిగిలితే వాటిని అధినేతల ముందు పెడతారు.

ఈజిప్టు విషయంలో మరో దారి కూడా ఉండేది. గాజా, ఇజ్రాయెల్ వ్యవహారాలు విదేశాంగ శాఖ కంటే ఎక్కువగా గూఢచార విభాగం అధిపతి ఒమర్ సులేమాన్ చేతుల మీదుగా నడిచేవి. సంస్కరణల గురించి మాట్లాడేది ఒకరు, గాజా సంగతి చూసేది ఇంకొకరు. ఒక గదిలో వాషింగ్టన్ చేసిన ఒత్తిడి రెండో గదిలో చేయాల్సిన పనికి అడ్డం రాకుండా చూసుకోవడం ఇరుపక్షాలకూ అలవాటైపోయింది.

ప్రశ్న: అమెరికా ఈజిప్టుకు ఏటా అంత సాయం ఇస్తున్నప్పుడు, సంస్కరణలు చేయకపోతే పైసా ఇవ్వం అంటే సరిపోదా?

జవాబు: సాయం రెండు రకాలని ముందు గుర్తుంచుకోవాలి. సైనిక సాయం 1987 నుంచి ఏటా 130 కోట్ల డాలర్ల దగ్గర స్థిరపడింది. ఆర్థిక సాయం 1998లో 81.5 కోట్ల డాలర్లు ఉండగా, ఏటా కొంత కొంత కోసుకుంటూ 2008 నాటికి దాదాపు సగానికి తెచ్చారు. ఒత్తిడి మాటలన్నీ ఈ రెండో పద్దు చుట్టూనే తిరిగాయి. మొదటి దాన్ని ముట్టుకోవడం కష్టం, ఎందుకంటే ఆ డబ్బు కైరో ఖజానాకు చేరదు. న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులోని ఖాతాలో పడి, అక్కణ్ణుంచి అమెరికా ఆయుధ కంపెనీలకు వెళుతుంది. అబ్రామ్స్ ట్యాంకుల విడిభాగాలు అమెరికాలో తయారై ఈజిప్టు ఫ్యాక్టరీలో బిగింపుకు వచ్చేవి. పైగా ఈజిప్టుకు వాయిదాల పద్ధతిలో కొనుక్కునే వెసులుబాటు ఉండేది. రాబోయే ఏళ్ల సాయాన్ని చూపించి ఈ ఏడే ఆర్డరు పెట్టేది. నడిమధ్యలో డబ్బు ఆపేస్తే ఒప్పందాల రద్దు ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందన్నది పెద్ద చిక్కు. ఈ వెసులుబాటును ఒబామా ప్రభుత్వం 2015లో తీసేస్తామని ప్రకటించింది.

ఇక బదులుగా వచ్చేదేమిటో చూడండి. అమెరికా కాంగ్రెస్ తనిఖీ సంస్థ లెక్క ప్రకారం 2001 నుంచి 2005 వరకు 36,553 అమెరికా సైనిక విమానాలు ఈజిప్టు గగనతలం మీదుగా వెళ్లాయి. 861 యుద్ధనౌకలు సూయజ్ కాలువను వరసలో ఆగకుండా దాటాయి. ఇరాక్ యుద్ధం నడుస్తున్న రోజులవి. ఈ రెండు అంకెలు తెలిసిన ఏ రక్షణ శాఖ అధికారీ సాయం ఆపమని సలహా ఇవ్వడు.

కాంగ్రెస్ షరతులు పెట్టలేదా అంటే, పెట్టింది. 2008 నిధుల చట్టంలో 10 కోట్ల డాలర్లను పక్కనపెట్టి, న్యాయవ్యవస్థ స్వేచ్ఛ, పోలీసుల తీరు, గాజా సరిహద్దు సొరంగాల విషయంలో కదలిక చూపితేనే ఇవ్వాలంది. అదే చట్టంలో, జాతీయ భద్రత కోసం అవసరమనుకుంటే విదేశాంగ మంత్రి షరతును పక్కనపెట్టొచ్చన్న మెలిక కూడా ఉంది. ఆ ఏడాది మొదట్లోనే కొండలీజా రైస్ ఆ మెలికను వాడేశారు. ఒక్క చట్టంలో బెదిరింపూ, తప్పించుకునే దారీ రెండూ ఉంటే కైరో దేన్ని నమ్ముతుంది?

ప్రశ్న: మరి ఒత్తిడి ఎప్పుడూ పనిచేయలేదంటారా?

జవాబు: పనిచేసింది. ఎప్పుడు చేసిందో చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది: అడిగింది చిన్నదై, దానికి ఒక తేదీ ఉన్నప్పుడు.

2002లో ఈజిప్టు సామాజిక శాస్త్రవేత్త సాద్ ఎద్దీన్ ఇబ్రహీంకు జైలు శిక్ష పడింది. ఉన్న సాయాన్ని ఆపకుండా, ఈజిప్టు అదనంగా అడుగుతున్న 13 కోట్ల డాలర్లు మాత్రం ఇవ్వమని ఆగస్టులో వాషింగ్టన్ చెప్పింది. 2003 మార్చిలో ఈజిప్టు అత్యున్నత అప్పీలు కోర్టు ఆయన్ను నిర్దోషిగా తేల్చింది. కోర్టు తన దారిన తాను నిర్ణయించిందనే వాదనా ఉంది, దాన్ని కొట్టిపారేయలేం.

2005 మొదట్లో జరిగింది ఇంకా స్పష్టం. ప్రతిపక్ష నేత ఐమన్ నూర్‌ను జనవరి చివర్లో అరెస్టు చేశారు. మార్చి మొదట్లో రైస్ కైరో రావాల్సి ఉండగా ఆ పర్యటన ఆగిపోయింది. ఫిబ్రవరి 26న ముబారక్ రాజ్యాంగంలోని 76వ అధికరణ మారుస్తామని ప్రకటించారు. అప్పటిదాకా అధ్యక్ష పదవికి పార్లమెంటు ఒకే పేరు ఖరారు చేసేది, జనం అవును, కాదు అని చెప్పేవారు. ఇకమీదట పోటీ ఉంటుందన్నారు. మార్చిలో నూర్ బెయిలు మీద బయటికొచ్చారు.

కానీ మేలో ప్రజల ఓటుకు వెళ్లిన సవరణ వాక్యాలను చదివితే అసలు పనితనం తెలుస్తుంది. స్వతంత్ర అభ్యర్థికి 250 మంది ఎన్నికైన సభ్యుల మద్దతు కావాలి. అందులో 65 మంది ప్రజా సభ నుంచి, 25 మంది షూరా మండలి (ఎగువ సభ) నుంచి, 14 ప్రావిన్సుల స్థానిక మండళ్ల నుంచి పదేసి మంది, మిగిలిన 20 మంది వీటిలో ఎక్కడినుంచైనా ఉండాలి. ఈ సభలన్నిటిలోనూ అధికార పక్షానిదే మెజారిటీ. అంటే తనకు పోటీగా ఎవరు నిలబడాలో ముబారక్ పార్టీయే అనుమతించాలి. తలుపు తీశామని ప్రపంచానికి చెప్పి గొళ్లెం లోపలివైపే ఉంచుకున్నారు. వాషింగ్టన్ అడిగింది 'పోటీ ఉండాలి' అని. నామినేషన్ నిబంధనల దాకా పట్టుబట్టలేదు. సంస్కరణల చర్చల్లో తరచూ దెబ్బతినేది ఇక్కడే.

ప్రశ్న: జూన్ 2005లో రైస్ కైరోలోని అమెరికన్ విశ్వవిద్యాలయంలో అంత గట్టిగా మాట్లాడారు కదా. ఏడాది తిరక్కుండా అదంతా ఏమైపోయింది?

జవాబు: స్థిరత్వం కోసం 60 ఏళ్లు ప్రజాస్వామ్యాన్ని పక్కనపెట్టి చివరికి రెండూ సాధించలేకపోయామని ఆమె ఒప్పుకున్న ప్రసంగం అది. ఆ మాటలకు ఏం గతి పట్టిందో తెలియాలంటే అదే ఏడాది సెప్టెంబరు క్యాలెండరు చూడండి.

సెప్టెంబరు 1న ఇజ్రాయెల్, ఈజిప్టు ఒక ఏర్పాటు మీద సంతకాలు చేశాయి. 1979 శాంతి ఒప్పందం ప్రకారం సినాయ్‌లో సరిహద్దు పక్కనున్న 'సి' మండలంలో ఈజిప్టు తరఫున సివిల్ పోలీసులు తప్ప ఎవరూ ఉండకూడదు. గాజా నుంచి ఇజ్రాయెల్ సైన్యం వెళ్లిపోతే గాజా, ఈజిప్టు సరిహద్దులోని రఫా దగ్గర ఆయుధాల రవాణా ఎవరు ఆపాలి? అందుకని 750 మంది ఈజిప్టు సరిహద్దు భటులు రావడానికి కొత్తగా ఒప్పుకున్నారు. 7న ఈజిప్టు అధ్యక్ష ఎన్నిక. ముబారక్‌కు 88 శాతం పైన, రెండో స్థానంలో నిలిచిన నూర్‌కు 8 శాతం లోపు. 12న ఇజ్రాయెల్ సైన్యం గాజా వదిలింది. ఈ పన్నెండు రోజుల్లో వాషింగ్టన్‌కు ముబారక్‌తో తక్షణం కావాల్సిన పని రఫాలో ఉంది, పోలింగు కేంద్రాల్లో కాదు. గడువున్న పని ముందు గడువులేని పని నిలవదు.

తర్వాత దెబ్బమీద దెబ్బ. డిసెంబరుకల్లా ముగిసిన పార్లమెంటు ఎన్నికల్లో ఇస్లామిక్ ప్రతిపక్ష సంస్థ ముస్లిం బ్రదర్‌హుడ్ అనుచరులు 88 స్థానాలు గెలిచారు. డిసెంబరు 24న నూర్‌కు అయిదేళ్ల శిక్ష పడింది. బదులుగా అమెరికా చేయగలిగింది స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం మాటలను వాయిదా వేయడం. 2006 జనవరి 25న పాలస్తీనా ఎన్నికల్లో 132 స్థానాలకు 74 ఇస్లామిక్ సాయుధ సంస్థ హమాస్‌కు వచ్చాయి. ఎన్నికలు పెడితే ఇదీ ఫలితం అని కైరో వేలెత్తి చూపింది. జులైలో లెబనాన్ యుద్ధం వచ్చిపడింది. 2007 మార్చిలో ఈజిప్టు రాజ్యాంగంలో ఒకేసారి 34 అధికరణలు మార్చి, ఎన్నికల మీద న్యాయమూర్తుల పర్యవేక్షణను సడలించినప్పుడు వాషింగ్టన్ నిరాశ వ్యక్తం చేసి ఊరుకుంది.

ప్రశ్న: పత్రికలో ఉమ్మడి ప్రకటన చదివి లోపల ఏం జరిగిందో పసిగట్టడం సాధ్యమా?

జవాబు: కొంతవరకు సాధ్యమే. ముందుగా రెండు రాజధానులూ విడివిడిగా ఇచ్చిన ప్రకటనలు పక్కపక్కన పెట్టుకోండి. ఒకదాంట్లో ఉండి రెండోదాంట్లో లేని అంశమే గొడవపడ్డది. ఖైదీల పేర్లు ప్రస్తావించారా, 'మానవ హక్కుల' దగ్గరే ఆగారా చూడండి. తేదీగానీ సంఖ్యగానీ లేని హామీని లెక్కలోకి తీసుకోకండి.

ప్రకటనే రాకపోతే కారణం ఒక్కోసారి రెండు మూడు పదాల్లో ఉంటుంది. 2005 నవంబరులో బహ్రెయిన్‌లో జీ8, అరబ్బు దేశాల మంత్రులు కలిసిన 'ఫోరం ఫర్ ద ఫ్యూచర్' సమావేశం అలాంటిదే. స్వచ్ఛంద సంస్థలకు మద్దతు తెలిపే వాక్యంలో, అవి ఆయా దేశాల చట్టం ప్రకారం నమోదై ఉండాలన్న మాట చేర్చాలని ఈజిప్టు పట్టుబట్టింది. వినడానికి మామూలు మాటే. కానీ ఈజిప్టులో అప్పుడు అమల్లో ఉన్న 2002 నాటి 84వ నంబరు చట్టం ప్రకారం నమోదు అధికారం ప్రభుత్వానిదిగా ఉండేది. దరఖాస్తును తొక్కిపెడితే ఆ సంస్థ చట్టవిరుద్ధమయ్యేది, నడిపేవారికి జైలు పడేది. అంటే ఏ సంస్థకు విదేశీ మద్దతు అందాలో మంత్రిత్వ శాఖే నిర్ణయించేది. అమెరికా ఒప్పుకోలేదు, ప్రకటన లేకుండానే సమావేశం ముగిసింది.

ప్రశ్న: క్రాఫర్డ్ తర్వాత ముబారక్ మళ్లీ వాషింగ్టన్ ఎప్పుడు వెళ్లారు?

జవాబు: 2009 ఆగస్టులో, ఒబామా అధ్యక్షుడయ్యాక. అంతకుముందు దాదాపు ఏటా వెళ్లే మనిషి అయిదేళ్లు అటువైపు చూడలేదు. బుష్‌తో మాట్లాడాల్సివస్తే షర్మ్ అల్ షేక్‌లోనే కలిశారు. ఆయన వెళ్లిన ఏడాదే అమెరికా ప్రభుత్వ సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ నేరుగా ఇచ్చే నిధులను ఈజిప్టు ప్రభుత్వం దగ్గర నమోదైన సంస్థలకే పరిమితం చేశారు. బహ్రెయిన్‌లో కైరోకు దక్కని షరతు ఏ ఉమ్మడి ప్రకటనా లేకుండానే అమల్లోకి వచ్చింది.