చెరువు పక్కన ప్లాన్ చేసిన కాలనీలో ఇల్లు తీసుకోవచ్చా?

హనుమకొండ వైపు చెరువు ఒడ్డున, ప్రకృతిని కాపాడుతూ కడుతున్న కాలనీలో ఉండొచ్చా అని అడిగారు. ఉండొచ్చు. కానీ బ్రోచర్‌లో చెట్లకన్నా ముందు నీళ్ల దారి చూడండి.

మన చెరువులు కాకతీయుల నాటి నుంచి గొలుసుకట్టు. పై చెరువు నిండి మత్తడి (అలుగు) పడితే నీళ్లు కింది చెరువుకు పోవాలి. ఆ కాలువను పూడ్చి ప్లాట్లు చేస్తే నీళ్లు ఇళ్లలోకే వస్తాయి. 2020 ఆగస్టు వానలకు వరంగల్‌లో ఎన్ని కాలనీలు మునిగాయో చూశాం కదా. నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే మట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. శిఖం భూమి, అంటే చెరువు నిండితే మునిగే భూమి అయితే ఎంత చవకైనా వద్దు.

తర్వాత మురుగు ఎక్కడికి పోతుందో అడగండి. శుద్ధి చేయకుండా చెరువులో కలిపితే గుర్రపుడెక్క కమ్మేస్తుంది, దోమలతో రోజూ టెన్షనే. ఒడ్డున జమ్ము, తుంగ పీకేసి రాళ్లు పరిచారా అన్నదీ చూడాలి. జమ్ము ఉన్నచోట పొద్దున్నే నీటికోడి పిల్లల్ని వెంటేసుకుని బయటికొస్తుంది. రాళ్లు పరిచిన ఒడ్డుకు అది రాదు.

ఇంకొకటి, చేపలు పట్టేవాళ్లకూ, సద్దుల బతుకమ్మ నాడు ఊరి ఆడవాళ్లకూ చెరువుకు దారి ఉండాలి. దానికి గేటు పెట్టి తాళం వేసే కాలనీని నేనైతే తీసుకోను.