ఫ్యాన్లు మార్చే ముందు ఆ చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకోండి

మీరు అడిగింది ఇదీ: నాలుగేళ్ల డెస్క్‌టాప్. ఇంటెల్ ప్రాసెసర్‌తో పాటు పెట్టెలో వచ్చిన కూలరే వాడుతున్నారు. క్యాబినెట్‌కి ముందు రెండు, వెనక ఒకటి 120 మి.మీ. ఫ్యాన్లు. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే చాలు గుయ్యిమని లేస్తోంది, కాసేపటికి తగ్గుతోంది, మళ్ళీ లేస్తోంది. నాలుగు ఫ్యాన్లూ ఒకేసారి మార్చేద్దామా అని.

ఇప్పుడే వద్దండి. చెడిపోయిన ఫ్యాన్ పని ఉన్నా లేకపోయినా ఒకేలా మోగుతుంది. పని పడగానే లేచి, అవగానే తగ్గుతోందంటే ప్రాసెసర్ వేడెక్కుతోందని మదర్‌బోర్డు ఫ్యాన్‌ను తరుముతోందన్నమాట. కొత్త ఫ్యాన్ పెట్టినా దాన్నీ అలాగే తరుముతుంది.

అయినా ముందు ఏది మోగుతోందో ఖాయం చేసుకోండి. పక్క ప్యానెల్ తీసేసి, పాత క్యాలెండర్ కాగితాన్ని గొట్టంలా చుట్టండి. ఒక కొస చెవికి, రెండో కొస ఒక్కో ఫ్యాన్‌కి రెండంగుళాల దూరంలో పెట్టి వినండి. ఉత్త చెవికి అన్నీ కలిసి ఒకే హోరుగా వినిపించేవి గొట్టంలోంచి విడివిడిగా తెలుస్తాయి. అనుమానం వచ్చిన ఫ్యాన్ మధ్యలో, రెక్కలతో పాటు తిరిగే గుండ్రటి భాగం మీద వేలు మెల్లగా ఆనించి రెండు మూడు సెకన్లు ఆపండి. చప్పుడు ఆగిపోతే దొరికినట్టే. రెక్కల మధ్య వేలు, పుల్ల, స్క్రూడ్రైవర్ ఏవీ పెట్టకండి. గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లను చేత్తో ఆపనక్కర్లేదు, ఆఫ్టర్‌బర్నర్‌లో (గ్రాఫిక్స్ కార్డును సర్దే ఉచిత ప్రోగ్రాం) వేగం మార్చి చూస్తే సరిపోతుంది. ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్‌లో కరెంటు సరఫరా చేసే పెట్టె) జాలీలోకి మాత్రం ఏదీ దూర్చొద్దు.

ఇంకా కచ్చితంగా కావాలంటే ఫోన్‌లో స్పెక్ట్రమ్ (శబ్దంలో ఏయే స్వరాలున్నాయో గీతలుగా) చూపించే ఉచిత యాప్ ఒకటి పెట్టుకోండి. రెక్కల సంఖ్యను ఆర్‌పీఎంతో (నిమిషానికి తిరిగే చుట్లు) గుణించి 60తో భాగిస్తే ఆ ఫ్యాన్ పాడే స్వరం హెర్ట్జ్‌లలో వస్తుంది. ఏడు రెక్కల ఫ్యాన్ 2400 ఆర్‌పీఎం దగ్గర 280 హెర్ట్జ్, తొమ్మిది రెక్కలది 1200 దగ్గర 180. 7200 ఆర్‌పీఎం హార్డ్‌డిస్క్ ఉంటే 120 దగ్గర ఒక గీత కనబడుతుంది. ఫ్యాన్ అనుకుని హార్డ్‌డిస్క్ వణుకుతో యుద్ధం చేసేవాళ్ళు చాలామంది. దాని ట్రే మరలు బిగించి, రబ్బరు వాషర్లు వేస్తే అది పోతుంది.

చప్పుడు తీరు కూడా చాలా చెబుతుంది. టకటక అంటే కేబుల్ రెక్కకు తగులుతోంది, జిప్ టై వేసి కట్టండి. ఆన్ చేసిన మొదటి నిమిషాల్లో గరగరమని, వేడెక్కాక సర్దుకుంటే స్లీవ్ బేరింగ్‌లో (ఫ్యాన్ ఇరుసు తిరిగే గొట్టం) నూనె ఎండిపోయింది. సన్నగా కీచుమంటూ, గేమ్‌లో ఫ్రేములు పెరిగేకొద్దీ స్వరం పెరిగితే అది ఫ్యాన్ కాదు, కాయిల్ వైన్, అంటే కార్డులోని తీగచుట్టల కీచు. ఫ్రేమ్ రేటును 60కో 75కో కట్టేస్తే చాలావరకు తగ్గుతుంది. హోరు ఉబ్బుతూ తగ్గుతూ వూం... వూం... అని వస్తే రెండు ఫ్యాన్లు దాదాపు ఒకే వేగంతో తిరుగుతున్నట్టు. ఏడు రెక్కల ఫ్యాన్లు ఒకటి 1000, ఇంకొకటి 1030 ఆర్‌పీఎంలో ఉంటే ఆ రెండు స్వరాలూ కలిసి సెకనుకు మూడు నాలుగుసార్లు ఉబ్బుతాయి. ఒకదాన్ని 150 ఆర్‌పీఎం తగ్గించండి, ఆ ఊగు పోతుంది.

ఇప్పుడు మీ అసలు సంగతి, వేడి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో ప్రాసెసర్ ఉష్ణోగ్రత, ఫ్యాన్ ఆర్‌పీఎం రెండూ తెరిచి పెట్టుకోండి. సంఖ్యను గదితో పోల్చి చదవాలి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గది 37 డిగ్రీలుంటే, ఏ పనీ లేని ప్రాసెసర్ 50 చూపించడం మామూలే. అదే 50 చలికాలంలో 24 డిగ్రీల గదిలో కనబడితే ఆలోచించాలి. బ్రౌజర్ తెరిచిన ఒక్క సెకనులో 30–40 డిగ్రీలు ఎగిరితే వేడి హీట్‌సింక్‌కి (కూలర్‌లోని లోహపు రేకుల దిమ్మ) చేరడం లేదు, అంటే రెంటి మధ్య రాసే థర్మల్ పేస్టు ఎండింది లేదా కూలర్ సరిగా ఆనలేదు. పది నిమిషాల్లో మెల్లగా ఎక్కితే దుమ్ము, లేదా క్యాబినెట్‌లో గాలి ఆడకపోవడం. ఈ తేడా పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

మీ కూలర్‌కి నాలుగు నల్ల ప్లాస్టిక్ పిన్నులుంటాయి. ఈ పిన్నులంత తిప్పలు పెట్టేవి డెస్క్‌టాప్‌లో ఇంకోటి లేవు. నాలుగింటిలో ఒకటి సగమే దిగినా కూలర్ ఒక మూల లేచిపోతుంది, పైనుంచి చూస్తే తెలియదు. మదర్‌బోర్డు వెనక్కి చూడండి (క్యాబినెట్ ఆ వైపు ప్యానెల్ తీస్తే చాలావాటిలో కిటికీ ఉంటుంది). నాలుగు రంధ్రాల్లోనూ తెల్ల కొసలు విచ్చుకుని, వాటి మధ్య నల్ల పుల్ల బయటికి కనబడాలి. ఒకదాంట్లో నల్ల పుల్ల కనబడలేదంటే దొంగ అదే.

తీసేటప్పుడు కరెంటు ప్లగ్గు పీకి, కూలర్ వైరు విప్పి, పిన్నుల తలల మీద చెక్కిన బాణం వైపు పావు చుట్టు తిప్పి పైకి లాగండి. పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన టిష్యూతో ప్రాసెసర్ మీదా, కూలర్ అడుగునా లోహం మెరిసేదాకా తుడవండి. కొత్త పేస్టు మధ్యలో కందిగింజంత చాలు, కూలర్ ఒత్తిడే దాన్ని పరుస్తుంది. తిరిగి పెట్టే ముందు నాలుగు పిన్నులనూ బాణానికి ఎదురువైపు తిప్పి ఉంచడం మర్చిపోకండి. చాలామంది ఇక్కడే తప్పుతారు, తిప్పకుండా నొక్కితే టక్కుమంటాయి కానీ పట్టవు. ఎదురెదురు మూలలు జతగా నొక్కండి, తర్వాత మిగిలిన జత. మదర్‌బోర్డు విల్లులా వంగుతోందనిపిస్తే ఆగి, నిలబెట్టిన క్యాబినెట్‌ను పడుకోబెట్టి చేయండి. (ఏఎండీ ఏఎం4 సాకెట్ వాడేవాళ్ళకు ఒక మాట: కూలర్‌ను నిటారుగా లాగితే ప్రాసెసర్ కూడా సాకెట్లోంచి ఊడి రావచ్చు. సిస్టం పది నిమిషాలు వాడి వేడెక్కనిచ్చి, ఆపి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయాలి.)

కూలర్ చేతిలో ఉండగానే దుమ్ము కూడా వదిలించండి. ఫ్యాన్ కింద రేకుల మీద అది దుప్పటిలా పేరుకుంటుంది. అంగుళం పెయింట్ బ్రష్షు సరిపోతుంది. బ్లోయర్ వాడితే రెక్కలను వేలితో పట్టుకుని ఊదండి. వదిలేస్తే అది బేరింగ్ తట్టుకోలేని వేగంతో తిరుగుతుంది, ఆ రోజు నుంచే కొత్త గరగర మొదలవుతుంది.

తర్వాత బయాస్, అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే డిలీటో ఎఫ్2నో నొక్కితే వచ్చే మదర్‌బోర్డు సెట్టింగులు. స్మార్ట్ ఫ్యాన్, క్యూ-ఫ్యాన్, ఫ్యాన్ కంట్రోల్... బోర్డును బట్టి పేరు. 55 డిగ్రీల వరకు 30 శాతం, 65కి 45, 75కి 70, 85కి 100 అని మొదలుపెట్టండి. దానికి తోడు స్టెప్-అప్ టైం అనో, డిలే అనో ఉంటే మూడు నుంచి ఐదు సెకన్లు ఇవ్వండి. ట్యాబ్ తెరిచినప్పటి క్షణం వేడికి ఫ్యాన్ పరుగెత్తదు. రాత్రి నిద్ర పాడుచేసేది హోరు కన్నా ఆ ఎత్తుపల్లాలే.

క్యాబినెట్ ఫ్యాన్ల కనెక్టర్లు కూడా చూడండి. మూడు పిన్నుల ఫ్యాన్ పెట్టిన చోట బయాస్‌లో పీడబ్ల్యూఎం (నాలుగు పిన్నుల ఫ్యాన్ల పద్ధతి) అని ఉంటే అది ఎప్పుడూ పూర్తి 12 వోల్టులతోనే తిరుగుతుంది. వోల్టేజి తగ్గించి వేగం తగ్గించే డీసీ మోడ్‌కి మార్చండి. ఎస్‌ఎంపీఎస్ మోలెక్స్ వైరుకు నేరుగా కట్టి ఉంటే అదీ అంతే, మదర్‌బోర్డుకి మార్చుకోండి. వేగం తగ్గించడం వల్ల లాభం చాలా ఎక్కువ: 1500 నుంచి 1200కి దింపితే గాలి ఐదో వంతే తగ్గుతుంది, చప్పుడు మాత్రం దాదాపు 5 డెసిబెల్స్ పడిపోతుంది. సగానికి దింపితే 15. అందుకే ఒకటి వేగంగా తిరగడం కన్నా మూడు మెల్లగా తిరగడం నయం.

గరగరమనే ఫ్యాన్‌కి తిరగని వైపు మధ్యలో ఉండే స్టిక్కర్ లేపి కుట్టుమిషన్ నూనె ఒకటి రెండు చుక్కలు వేయొచ్చు, కొన్ని నెలలు నడుస్తుంది. కొబ్బరినూనె వద్దు, చలికాలం పేరుకుని జిగటవుతుంది. తుప్పు వదిలించే స్ప్రేలూ వద్దు, లోపల మిగిలిన నూనెను కూడా అవి కడిగేస్తాయి. ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ మోగితే మాత్రం దాన్ని విప్పకండి. ప్లగ్గు పీకాక కూడా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. వారంటీ ఉంటే వాడుకోండి, లేకపోతే మార్చేయండి.

ఇన్ని చేశాక కూడా డబ్బు పెట్టాలనిపిస్తే నాలుగు ఫ్యాన్ల మీద కాదు, 120 మి.మీ. ఫ్యాన్ ఉన్న ఒక టవర్ కూలర్ మీద పెట్టండి. పెట్టెలో వచ్చిన చిన్న ఫ్యాన్ 2500 దగ్గర అరిచి చేసే పని, అది వెయ్యి దగ్గర చేస్తుంది. కొనే ముందు క్యాబినెట్ ఎంత ఎత్తు కూలర్‌ను పట్టనిస్తుందో చూడండి, చాలా టవర్లు 155 మి.మీ. పైనే ఉంటాయి.

పిన్నులు, పేస్టు అయ్యాక కూడా లేస్తుంటే మూడు సంఖ్యలు ఇక్కడ పెట్టండి: గది ఉష్ణోగ్రత, ఏ పనీ లేనప్పుడు ప్రాసెసర్‌ది, పది నిమిషాల లోడ్ తర్వాతది. ఒక్కోదాని పక్కన ఫ్యాన్ ఆర్‌పీఎం కూడా రాయండి.