హాబ్‌నాబింగ్ అంటే స్నేహమేనా?

సందేహం: ఒక మంత్రి కాంట్రాక్టర్లతో ‘హాబ్‌నాబింగ్’ చేస్తున్నారని ఇంగ్లిష్ పేపర్లో రాశారు. మా డెస్కులో ఒకరు దాన్ని ‘స్నేహం’ అన్నారు, ఇంకొకరు ‘పొత్తు’ అన్నారు. ఏది సరైనది? హాబ్ అంటే గ్యాస్ పొయ్యి కదా, దానికీ దీనికీ ఏమిటి సంబంధం?

సమాధానం: రెండూ అతకవు. స్నేహం అని రాస్తే, అందులో తప్పేముందని మంత్రిగారే అడుగుతారు. పాత తెలుగులో పొత్తున కుడవడమంటే కలిసి భోంచేయడం. హాబ్‌నాబ్ అన్నా ఒకప్పుడు కలిసి తాగడమే, ఆ లెక్కన పొత్తు దగ్గరి మాటే. కానీ ఈ రోజుల్లో పొత్తు అంటే సీట్ల సర్దుబాటే. కాంట్రాక్టర్లు పార్టీ పెట్టారా అనుకుంటారు పాఠకులు!

నేనైతే ‘రాసుకు పూసుకు తిరుగుతున్నారు’ అంటాను. చనువు, చూసేవాళ్ల చిరాకు రెండూ అందులో ఉన్నాయి. హాబ్‌నాబ్‌లాగే అదీ జంటమాట.

ఇక పొయ్యి సంగతి. ఫ్రాన్సిస్ గ్రోస్ 1785లో వేసిన వీధిభాష నిఘంటువులో ఈ కథ ఉంది. చలికాలంలో బీరును పొయ్యి పక్కన హాబ్ అనే గట్టు మీద వెచ్చబెట్టేవారట, చల్లటి బీరును నాబ్ అనే చిన్న బల్ల మీద ఉంచేవారట. ‘హాబా, నాబా’ అంటే వేడిదా, చల్లదా అని అడగడమట. కథ బాగుంది గానీ, నమ్మదగ్గది కాదు.

అసలు మూలం పాత ఇంగ్లిష్‌లో ఉంది. హబ్బన్ అంటే కలిగి ఉండడం. దానికి ముందు ‘నె’ అనే నిషేధం అతుక్కుంటే నబ్బన్, అంటే లేకపోవడం. మనకూ నిషేధం క్రియలోనే కలిసిపోతుంది కదా: వస్తాడు, రాడు. ఆ కలిమిలేముల జంటే ‘హాబ్ నాబ్’. మొదట్లో దానికి స్నేహంతో పనే లేదు. ‘అయితే అయింది, లేకపోతే లేదు’ అనే తెగింపు మాట అది. షేక్స్‌పియర్ ‘ట్వెల్త్ నైట్’లో ఉత్తుత్తి కత్తియుద్ధం పెట్టడానికి సర్ టోబీ ఎదుటివాళ్లను బెదరగొడుతూ వాడేది ఈ అర్థంలోనే.

తర్వాత అది మద్యం బల్ల దగ్గరికి చేరింది. నీ పేర నేనొక గుక్క, నా పేర నువ్వొక గుక్క అని ఇచ్చిపుచ్చుకోవడం హాబ్‌నాబ్ అయింది. కలిసి తాగేవాళ్లు కబుర్లాడకుండా ఉంటారా? క్రమంగా గ్లాసు పోయి చనువు మిగిలింది. ఇప్పుడైతే పెద్దవాళ్లతో, డబ్బున్నవాళ్లతో పూసుకు తిరగడానికే ఎక్కువగా వాడుతున్నారు.

హెడ్డింగులో చోటు చాలకపోతే ‘కాంట్రాక్టర్లతో మంత్రి సావాసం’ అనండి. ‘ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు’ అన్న సామెతలోని సావాసమే అది. దాన్ని ‘సహవాసం’ అని మాత్రం దిద్దకండి. ఎత్తిపొడుపు పోయి, చర్చి ప్రార్థనలో మాటలా వినిపిస్తుంది.